పద్మినిని పంపి హెరాల్డ్‌కి చోటు: షెడ్డు డైరీ

జూన్ మొదటి వారం

విజయవాడలో మా షెడ్డులో ఒక్క బండికే చోటు. ఇప్పుడున్నది నేను బాగుచేసుకున్న ప్రీమియర్ పద్మిని కారు, పొడవు సుమారు పదమూడు అడుగులు. అది నిలబడ్డాక వెనక బల్ల, వైస్, రాక్‌లు పోను మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మిగులుతుంది. రెండో బండి రావాలంటే మొదటిది వెళ్లాలి. ఈ లెక్క నాలుగేళ్లుగా తెలిసిందే. ఇప్పుడు రెండో బండి నిజంగానే దొరికింది.

చిత్తూరులో ఒక డాక్టరుగారి ఇంటి కొట్టంలో 1967 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. మార్క్ 2, రెండు డోర్లది. డాక్టరుగారు పోయారు, పిల్లలు ఆ స్థలాన్ని అపార్ట్‌మెంట్లకి ఇస్తున్నారు, దసరాలోపు కొట్టం తీసేయాలి. వాళ్లబ్బాయి ఫోన్లో, "నాన్నగారు ప్రాణంగా చూసుకున్న బండండీ. మీరు తీసుకుంటానంటే ఉంచుతాం, లేకపోతే పాత సామాన్లవాళ్లకి ఇచ్చేయక తప్పదు" అన్నారు. ఫోటోలు చూశాను. రేకుని చాలా చోట్ల తుప్పు తిన్నది, కానీ భాగం ఏదీ పోలేదు. లైట్ల రిమ్ములు, డోర్ హ్యాండిళ్లు, డ్యాష్‌బోర్డు మీద మీటర్లు అన్నీ ఉన్నాయి. హెరాల్డ్‌కి ఇవే దొరకవు.

ఆటోనగర్‌లో చిన్న షెడ్డు అద్దెకి తీసుకుని రెండూ ఉంచుకోమని మా తమ్ముడు సలహా ఇచ్చాడు. నాకు ఒప్పలేదు. కళ్లముందు లేని బండిని వారానికోసారైనా తీయం. తీయని బండికి బ్రేకుల వీల్ సిలిండర్లు పట్టేస్తాయి, కార్బొరేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది, బ్యాటరీ పోతుంది. రెండేళ్లు కూర్చుని బాగుచేసినది ఒక్క వర్షాకాలంలో వెనక్కి వెళ్తుంది. పద్మినిలో నేను చేయాల్సిన పని ఇక లేదు. తిప్పే మనిషి కావాలి దానికి.

అమ్మేద్దామని ఇంట్లో చెప్తే మా ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. కాళేశ్వరరావు మార్కెట్‌కి దాన్ని నాకంటే ఎక్కువసార్లు తీసుకెళ్లింది తనే. "అమ్మండి గానీ, నడిపేవాళ్లకే ఇవ్వండి" అంది. షరతు అదొక్కటే.

జూన్ మూడో వారం

అమ్మే ముందు పాలిష్ కొట్టించమని అందరూ చెప్తారు. నేను ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూశాను. నాలుగు సిలిండర్లలో తక్కువ 118, ఎక్కువ 125 పిఎస్ఐ. 1089 సిసి ఇంజను, బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు వేశాక తిరిగిన తిరుగుడుకి ఇది మంచి ఆరోగ్యం. కొనేవాళ్లకి మాటలకంటే ఈ నాలుగు అంకెలు ఎక్కువ చెప్తాయి. కాగితం మీద రాసి ఫైల్లో పెట్టాను.

తర్వాత బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, హైడ్రాలిక్ లైను ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. అందుకే అనుమానం ఉన్నవీ లేనివీ అని చూడకుండా రబ్బరు హోసులన్నీ మార్చేశాను. వెనక ఎడమ చక్రం సిలిండరు దగ్గర సన్నని తడి కనిపించింది. లోపలి రబ్బరు కప్పులు మార్చి, కొత్త బ్రేకు ఆయిలు పోసి, లైన్లో గాలి తీశాం. మా ఆవిడ పెడల్ తొక్కింది, నేను కింద నిపుల్ పట్టుకున్నాను.

ఈసారి ఎక్కువ సమయం పట్టింది పెట్రోలు లైనుకి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1979లో చేసిన బండి రబ్బర్లు దానికి తగినవి కావు. పాత హోసు ఒకటి విప్పి వంచి చూస్తే లోపలి పొర మెత్తబడి, గోరుతో గీరితే నల్లగా ఊడి వచ్చింది. ఆ నలుసులే కార్బొరేటర్ జెట్టులోకి వెళ్లి అడ్డం పడతాయి. ఇంధనం తగిలే ప్రతి హోసుకీ ఇథనాల్ తట్టుకునే ఫ్లోరో రబ్బరు రకం వేశాను. పెట్రోలు పంపు డయాఫ్రమ్ కూడా మార్చాను. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు సగం ఖాళీగా నెలలు ఉంచితే అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ట్యాంకు దించి, అడుగు కడిగి, ఆరబెట్టి ఎక్కించాం. పాత బండి ఉన్న ప్రతివాళ్లూ ఈ ఒక్క పని ఈ ఏడాదే చేయించుకోవాలని నా గట్టి నమ్మకం.

లోపాల జాబితా వేరే కాగితం మీద రాశాను: హీటరు పనిచేయదు. కుడి వెనక డోరు అద్దం చివరి రెండంగుళాలు బిగుసుకుంటుంది. డ్రైవరు వైపు మడ్‌గార్డు అంచున పుట్టీ ఉంది, అక్కడ రేకు సన్నబడింది. గేరు లింకేజీ (గేరు కడ్డీని గేరుబాక్సుకి కలిపే కడ్డీలు) బుష్‌లు నాలుగు వేల కిలోమీటర్ల కిందట వేసినవి, ఇంకో ఏడాదికి మళ్లీ చూడాలి. ఈ కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన ఉంటుంది.

జూలై రెండో వారం

కాగితాలు. ఇది త్వరగానే అయింది. 2024లో ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాను, అంటే 2029 దాకా ఉంది. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ నడుస్తున్నాయి. గ్రీన్ ట్యాక్స్ రసీదు ఉంది. లోను ఎప్పుడూ లేదు కాబట్టి హైపోథికేషన్ గొడవ లేదు. అమ్మినట్టు తెలియజేసే ఫారం 29, పేరు మార్పు కోరే ఫారం 30 ప్రింటు తీసి పెట్టాను. రాష్ట్రంలోనే అమ్మితే ఇవి చాలు. బయటి రాష్ట్రమైతే ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలి. కొన్నవాళ్లు పేరు మార్చుకుంటార్లే అని అమ్మినవాళ్లు ఊరుకోకూడదు. పేరు మారేదాకా రోడ్డు మీద ఏం జరిగినా పిలుపు పాత యజమానికే వస్తుంది. ఫారం 29 ఇవ్వడం అమ్మేవాళ్ల బాధ్యత, సొంత రాష్ట్రంలో అయితే పద్నాలుగు రోజుల్లోపు.

జూలై నాలుగో వారం

ధర 3,75,000 అని పెట్టాను. దాని మీద ఖర్చయింది అంతకంటే ఎక్కువే. పెట్టిన ప్రతి రూపాయీ తిరిగి రావాలనుకునేవాళ్లు ఈ పనిలోకి రాకూడదు. టింకరింగ్ మేస్త్రీగారు ఫ్లోరు రేకుల మీద గడిపిన రోజులకి ధర కట్టేవాళ్లు మార్కెట్‌లో ఉండరు. ఇంజను, రేకు, కాగితాలు, ఈ మూడింటికే ధర పలుకుతుంది.

ఫోన్లు బాగానే వచ్చాయి. వాటిలో ముగ్గురి మాటలు రాసుకోవాలి.

మొదటాయన హైవే మీద హోటలు కడుతున్నారు. ముందు అలంకారంగా నిలబెట్టడానికి కావాలన్నారు. డబ్బు వెంటనే ఇస్తానన్నారు, బేరం కూడా ఆడలేదు. ఎండలో వానలో కదలకుండా నిలబడితే రెండేళ్లలో ఆ బండి డొల్లయిపోతుంది. "మీకు నడిచే బండి అక్కర్లేదండీ, ఇంజను లేని బాడీ ఆటోనగర్‌లో నాలుగో వంతు ధరకి దొరుకుతుంది, అది తీసుకోండి" అని చెప్పి అక్కడి నంబరు ఇచ్చాను. ఆయనకీ అదే నచ్చింది.

రెండో కుర్రాడు నిజంగా బండి ప్రేమికుడు. కానీ లోపల కొత్త కాలపు ఇంజను, ఫ్లోరు గేరు పెట్టుకుంటానన్నాడు. చాలామంది చేస్తున్నదే, తప్పని నేననను. నడవని బండికి వేరే ఇంజను వేసి ప్రాణం పోస్తే మంచిదే. కానీ సొంత ఇంజనుతో, సొంత హ్యాండ్ గేరుతో చక్కగా నడుస్తున్న బండిని కోయడం నాకు ఇష్టం లేదు. స్టీరింగు పక్కనుంచి గేరు మార్చే ఆ పద్ధతి, ముందు సీటు ఒకే బెంచిగా ఉండటం, ఆ ఇంజను మెత్తగా తిరిగే చప్పుడు, ఇవి తీసేస్తే పద్మిని అని పిలవడానికి ఏం మిగులుతుంది? అతనికి అదే చెప్పాను. "అర్థమైందన్నా" అన్నాడు. ఇంజను పోయిన బండి ఎక్కడైనా కనబడితే చెప్తానని మాటిచ్చాను.

మూడో ఫోను భీమవరం నుంచి. కాలేజీలో లెక్చరరు. ధర గురించి అడగకుండా, "ఇది దారిలో ఆగిపోతే ఎందుకు ఆగిపోతుందండీ?" అని అడిగారు. ఇంతమంది ఫోను చేశారు గానీ ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

మూడు కారణాలు చెప్పాను. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో పెట్రోలు పంపు వేడెక్కి లోపలి పెట్రోలు ఆవిరై, కార్బొరేటర్‌కి అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే సర్దుకుంటుంది. రెండోది, ప్లగ్గులకి స్పార్కు అందించే పాయింట్లు కాలడం లేదా కండెన్సర్ పోవడం. ఒక సెట్టు డ్యాష్‌బోర్డు అరలో ఉంటే పావుగంట పని. మూడోది, గేరు లింకేజీ రెండు గేర్ల మధ్య పట్టేయడం. బోనెట్ ఎత్తి చేత్తో న్యూట్రల్‌కి తేవచ్చు, ఎలాగో చూపిస్తాను. ఆవిడ అన్నీ రాసుకున్నట్టున్నారు, మధ్యలో "ఒక్క నిమిషమండీ" అన్నారు.

ఆగస్టు రెండో వారం

భీమవరం లెక్చరరుగారు వాళ్ల తమ్ముణ్ని తీసుకుని వచ్చారు. అబ్బాయి జేబులోంచి అయస్కాంతం తీసి, దానికి పల్చటి గుడ్డ చుట్టి, డోర్ల కింద పట్టీల మీద, మడ్‌గార్డుల మీద నెమ్మదిగా జరుపుతూ వచ్చాడు. మంచి పద్ధతి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉంటే జారిపోతుంది. డ్రైవరు వైపు మడ్‌గార్డు అంచున జారింది. నా వైపు చూశాడు. జాబితాలో మూడో వరుస చూపించాను.

పద్మినికి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) లేదు, బాడీయే మొత్తం బరువు మోస్తుంది. ఫియాట్ 1100ని 1953లో ఇటలీలో అలాగే రూపొందించారు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు దాన్నే చేసి, 1974 నుంచి పద్మిని పేరుతో అమ్మారు. అందుకని డోర్ల కింద పట్టీలూ ఫ్లోరూ తుప్పు పడితే, పైన రంగు ఎంత మెరిసినా బండికి నడుం లేనట్టే. జాకీ మీద ఎత్తి, కింద పడుకుని చూడమన్నాను. ఇద్దరూ చూశారు. అతుకులు ఎక్కడ పడ్డాయో, ఎంత మందం రేకు వాడామో, పని జరిగేటప్పుడు తీసిన ఫోటోలతో పోల్చి చూపించాను. నా దృష్టిలో ఈ ఫైలు విలువ రంగుకంటే ఎక్కువ. రంగు కిందకి ఎవరూ చూడలేరు, ఫోటో చూపిస్తుంది.

తర్వాత బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా వెళ్లి వచ్చాం. వెళ్లేటప్పుడు నేను, వచ్చేటప్పుడు ఆవిడ. హ్యాండ్ గేరు ఎప్పుడూ పట్టుకోలేదట. మొదట రెండోదాన్నుంచి మూడోదానికి తొందరపడుతుంటే గేరు కరకరలాడింది. "న్యూట్రల్ దగ్గర ఒక్క క్షణం ఆపమ్మా, తర్వాత నొక్కకుండా జరుపు, అదే పడుతుంది" అన్నాను. పెనమలూరు వచ్చేసరికి చెయ్యి కుదిరింది. కానూరు దగ్గర స్పీడు బ్రేకరు ముందు మూడు నుంచి రెండుకి చప్పుడు లేకుండా దింపారు. నాకు అప్పుడే మనసులో ఖాయమైంది.

ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ బేరం. ఆవిడ 3,20,000 అన్నారు, మడ్‌గార్డు పనికీ బుష్‌లకీ ఖర్చు లెక్కగట్టి మరీ చెప్పారు. 3,40,000కి కుదిరింది. అప్పటికి మాటల్లో నేను "అన్నయ్యగారు", మా ఆవిడ "వదినగారు" అయిపోయాం.

ఆగస్టు చివరి వారం

బండి ఇచ్చేశాం. ఇచ్చేముందు తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది, స్పేర్ల పెట్టె.

నాలుగేళ్లలో పోగుచేసిన సామాను అది. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకి తిరిగే ఇరుసు) కిట్లు రెండు, సోలెక్స్ కార్బొరేటర్ ఒకటి, డిస్ట్రిబ్యూటర్ క్యాపులు, వాటర్ పంపు, గేరు లింకేజీ బుష్‌లు, అద్దాల రబ్బర్లు, ఒక సెల్ఫ్ మోటారు. విడిగా అమ్మితే మంచి ధర వస్తుందని మేస్త్రీగారే అన్నారు. "బాబూ, ఇవి బండితో ఇచ్చేస్తే నీకేంటి?" అని కూడా అడిగారు.

నాకు బొంబాయి టాక్సీలు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లు పద్మిని సామాను చవగ్గా దొరికిందంటే కారణం అక్కడి నలుపు పసుపు టాక్సీలే. వేల బండ్లు రోజూ తిరుగుతుంటే ఎవరో ఒకరు బ్రేకు కప్పులు, కింగ్ పిన్లు, సైలెన్సర్లు చేస్తూనే ఉంటారు. వాటిలో చివరిది 2003 అక్టోబరులో రిజిస్టరైంది. అక్కడ టాక్సీకి ఇరవై ఏళ్లే గడువు, అందుకని 2023 అక్టోబరుతో ఆ కథ ముగిసింది. అప్పట్నుంచి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా, చెన్నై పుదుపేటలో అడిగినా, పాత స్టాకు ఉన్నంతవరకే అంటున్నారు. ఇలాంటప్పుడు స్పేర్లు ఒకచోట, బండి ఒకచోట ఉంటే రెండూ పనికిరావు. పెట్టెకి విడిగా ధర కట్టలేదు, డిక్కీలో పెట్టేశాను. ఒక్కో పొట్లం మీద ఏ భాగమో, ఎక్కడ వేయాలో తెలుగులో రాసి అంటించాను. భీమవరంలో మెకానిక్ ఎవరైనా చదువుకోగలగాలి.

ఆ వారమే ఇంకో మార్పు వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 10,000 చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2022కి ముందు అది 600. తర్వాత 5,000 అయింది, ఇప్పుడు రెట్టింపు. లెక్చరరుగారికి ఫోను చేసి చెప్పాను, దాచిపెట్టి అమ్మినట్టు ఉండకూడదని. మళ్లీ రెన్యూవల్ వచ్చేది 2029లో. ఆ ఏడాదే బండికి యాభై నిండుతాయి కాబట్టి బాగా పాత కార్లకిచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కీ అర్హత వస్తుంది. ఏది కావాలో అప్పుడు ఆవిడ తేల్చుకోవచ్చు.

తాళాలు ఇచ్చే ముందు పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేయించాను. చోకు పూర్తిగా లాగాలి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకూడదు, సెల్ఫ్ కొట్టాలి, ఇంజను అందుకోగానే చోకు సగానికి తోయాలి, ఒక నిమిషం తర్వాత మొత్తం. ఆవిడ చేతుల మీదే అందుకుంది. కింగ్ పిన్లకి గ్రీజు ఎక్కడ కొట్టాలో తమ్ముడికి చూపించాను. ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి. మా ఆవిడ పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

సెప్టెంబరు మూడో వారం

ఆర్సీ ఆవిడ పేరు మీదకి మారిందని మెసేజ్ వచ్చింది. ఇక చిత్తూరు.

హెరాల్డ్ కాగితాలే ముందు. బండి ఇంకా డాక్టరుగారి పేరు మీదే ఉంది. యజమాని పోయినప్పుడు వారసులు ఫారం 31తో ముందు తమ పేరు మీదకి మార్చుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల ఒప్పుకోలు. వాళ్లబ్బాయి ఓపిగ్గా అన్నీ సిద్ధం చేశారు. ఆర్సీ పాత పుస్తకం, చేతిరాతది, ఆన్‌లైన్‌లో లేదు. దాన్ని పాత రికార్డు (బ్యాక్‌లాగ్) కింద కంప్యూటర్లోకి ఎక్కించాక గానీ ఏదీ కదలదు. పుస్తకంలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీదవాటితో సరిపోయాయి. నేను మొదట చూసింది అదే. సరిపోకపోతే వెనక్కి వచ్చేసేవాణ్ని.

కొట్టంలో బండి చూశాక ఫోటోల్లో తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఇంజను పట్టేయలేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, మర్నాటి దాకా ఆగి, ఫ్యాను బెల్టు పట్టుకుని తిప్పితే కదిలింది. 948 సిసి చిన్న ఇంజను, చేత్తోనే తిరుగుతుంది.

హెరాల్డ్ బోనెట్ తెరవడం చూడాల్సిందే. రెండు పక్కలా ఉన్న కొక్కేలు వదిలితే బోనెట్, మడ్‌గార్డులు, లైట్లు మొత్తం కలిసి ముందుకి ఒరుగుతాయి. ముందు చక్రాలు, సస్పెన్షన్, ఇంజను నడుం వంచకుండానే అందుతాయి. టైరు మీద కూర్చుని ట్యూనింగ్ చేసుకోవచ్చు. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి. బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా 1959లో వచ్చింది, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి చేసింది. తర్వాత వచ్చిన నాలుగు డోర్ల హెరాల్డ్ మన దేశంలో తప్ప ఎక్కడా తయారు కాలేదు.

పద్మినిలా బాడీయే బరువు మోసే మోనోకాక్ బాడీల కాలంలో దీనికి ఛాసిస్ విడిగా ఎందుకు పెట్టారనే దానికి కారణం ఉంది. బ్రిటన్‌లో దీన్ని చేసిన స్టాండర్డ్ ట్రయంఫ్‌కి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీదారు బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కొనేసింది. మొత్తం బాడీ ఒకే చోట చేయించుకునే దారి మూసుకుపోయింది. అందుకని ఛాసిస్ మీద ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించే బాడీ గీయించారు. ఒక్కో ముక్క ఒక్కో చోట చేయించుకోవచ్చని. అప్పటి ఆ ఇబ్బంది ఇవాళ మా బోటివాళ్లకి వరం. ఏ ముక్క తుప్పు పడితే ఆ ముక్క విప్పి బాగుచేయవచ్చు.

నాయుడుపేట, నెల్లూరు, ఒంగోలు మీదుగా రికవరీ వ్యాన్‌లో విజయవాడ తెచ్చాం. చక్రాలకి బెల్టులు వేశాం గానీ బాడీకి వేయనివ్వలేదు. తుప్పు పట్టిన రేకు ఆ లాగుడుకి చిరుగుతుంది.

అక్టోబరు రెండో వారం

షెడ్డులో సందు ఇదివరకటంతే మిగిలింది. హెరాల్డ్ పొడవూ పద్మిని అంతే.

ముందు చక్రాల ట్రనియన్లు విప్పాను. ఈ బండిలో ప్రాణాంతకమైన భాగం ఏదైనా ఉంటే అదే. చక్రాన్ని మోసే నిలువు ఇనుప కడ్డీ కింది చివర మరలు తిప్పి ఉంటాయి. అది కంచు ట్రనియన్‌లోకి దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే తిరుగుతుంది. కుడి కడ్డీకీ ఎడమ కడ్డీకీ మరలు వ్యతిరేక దిక్కుల్లో ఉంటాయి, కలిపేయకూడదు. వీటికి గ్రీజు పనికిరాదు, తొంభై నంబరు గేరు ఆయిలే పట్టించాలి. గ్రీజు మరల సందుల్లోకి దిగదు, పైన గట్టిపడుతుంది, లోపలికి నీళ్లు చేరతాయి, కడ్డీ తుప్పు పట్టి ఒకరోజు విరుగుతుంది. అప్పుడు చక్రం లోపలికి ముడుచుకుపోతుంది.

ఈ బండిలో దొరికింది గ్రీజే, సబ్బులా గట్టిపడి ఉంది. కిరోసిన్‌తో కడిగి, మెత్తటి బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, లేత్ షాపులో డై పెనిట్రెంట్ పరీక్ష చేయించాను. ఎర్రటి ద్రవం కొట్టి, కాసేపాగి తుడిచేసి, తెల్లటి పొడి స్ప్రే చేస్తారు. పగులు ఉంటే తెలుపు మీద ఎర్ర గీత బయటికొస్తుంది. ఎడమ కడ్డీ శుభ్రంగా ఉంది. కుడి కడ్డీ పై మర దగ్గర వెంట్రుకంత ఎర్ర గీత కనబడింది. మేస్త్రీగారూ నేనూ ఒకేసారి చూశాం. ఆ కడ్డీని కోసి పక్కన పడేశాను, పొరపాటున కూడా ఎవరూ మళ్లీ బిగించకుండా. కొత్తది బ్రిటన్ నుంచి తెప్పిస్తున్నాను. ఈ భాగం అక్కడ ఇంకా తయారవుతోంది.

రిజిస్ట్రేషన్ విషయం కూడా తేల్చుకున్నాను. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్ల దాకా చెల్లుతుంది, పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఆ బండిని ర్యాలీకో, ప్రదర్శనకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. మా ఆవిడకి మార్కెట్‌కి బండి కావాలి. మామూలు రెన్యూవలే చేయిస్తాను. బ్రేకులూ లైట్లూ అన్నీ ఇన్‌స్పెక్టర్ ముందు పరీక్షకి నిలబడాలి, అదీ మంచిదే.

నవంబరు మొదటి వారం

ఛాసిస్ కొలిచాం. ముందు కుడి మౌంటింగ్ నుంచి వెనక ఎడమకి, ముందు ఎడమ నుంచి వెనక కుడికి, టేపు పట్టుకుని ఐమూలగా. తేడా మూడు మిల్లీమీటర్లు. ఛాసిస్ వంగలేదు, ఎప్పుడూ పెద్ద దెబ్బ తినలేదు. నడుమ ఉన్న రెండు ప్రధాన గొట్టాల మీద సుత్తితో కొడుతూ వెళ్తే గట్టిగా మోగాయి. బాడీని మోయడానికి పక్కలకి చాచిన ఇనుప చేతులు, ఔట్‌రిగ్గర్లు, మాత్రం పోయాయి. ఎడమ వెనకదానిలోకి స్క్రూడ్రైవరు దిగిపోయింది. మట్టి, నీళ్లు వాటిలోనే నిలుస్తాయి కాబట్టి హెరాల్డ్‌లన్నిటికీ ఇదే జబ్బు.

బాడీ మొత్తం దించేసి ఒకేసారి చేద్దామన్నారు మేస్త్రీగారు. నేను వద్దన్నాను. బాడీ బోల్టులు ఎక్కడ దిగాలో ఇప్పుడు మనకి చెప్పగలిగేది బాడీయే. అన్నీ ఒక్కసారి కోసేస్తే ఆ కొలత పోతుంది, తర్వాత డోర్ల సందులు జీవితంలో కుదరవు. బాడీని ఉన్నచోటే ఉంచి, డోరు ఖాళీల్లో అడ్డంగా గొట్టం వెల్డింగ్ చేసి బిగించి, ఒక్కో ఔట్‌రిగ్గర్ కోసి, కొత్తది అతికి, బోల్టు పడిందని చూసుకున్నాకే తర్వాతిదానికి వెళ్దామన్నాను. ఆయన కాసేపు కింద పడుకుని చూసి, "అలాగే చేద్దాం బాబూ, టైము పట్టినా మేలే" అన్నారు.

డోరు సందుల్లో ఉన్న షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకు బిళ్లలు) తీసేముందు ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో రాసి, ఒక్కో దారానికి గుచ్చి, చీటీ కట్టాను. కుడి కడ్డీ పార్శిల్ ఇంకా కస్టమ్స్ దగ్గరే ఉంది. ఈలోగా పదహారో గేజి రేకు తెచ్చి ఎడమ వెనక ఔట్‌రిగ్గర్‌కి అట్టముక్కతో నమూనా కోస్తున్నాం. సోమవారం వెల్డింగ్.